షుగరు, పాదం, మానని పుండు

ఈ రోజుల్లో షుగరు లేని ఇల్లు కావాలంటే వెతుక్కోవాలి. భారత వైద్య పరిశోధనా మండలి దేశమంతటా జరిపి 2023లో వెలువరించిన అధ్యయనం ప్రకారం మన దేశంలో సుమారు 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. మరో 13.6 కోట్ల మంది దాని గడప దాకా వచ్చి నిలబడ్డారు. ఇంతమందికి ఉన్న జబ్బు కాబట్టే మనకు దానిమీద భయం పోయింది. "షుగరే కదా, ఎవరికి లేదు?" అనుకుంటాం. ఒక మాత్ర వేసుకుంటాం, టీలో చక్కెర మానేస్తాం, టీతో పాటు వచ్చే బిస్కెట్లు మాత్రం మానం.

ఏం తినాలి, ఏం తినకూడదు అన్న సంగతి ఇక్కడ రాయబోవడం లేదు. ఆ వ్యాసాలు చాలా వచ్చాయి, ఇంకా వస్తాయి. షుగరు వచ్చిన పది పదిహేనేళ్ళకు ఒంట్లో ఏం జరుగుతుంది, ముఖ్యంగా కాళ్ళకు ఏమవుతుంది, పుండు పడి మానకపోతే ఏం చేయాలి అన్నదే మన పాఠం. కారణం ఒకటే. మన బంధువుల్లో, మన మొహల్లాలో కాలు పోగొట్టుకున్నవాళ్ళను చూస్తున్నాం. మొదట ఏం జరిగిందని అడిగితే చెప్పు కరిచిందనో, గోరు తీసుకుంటుంటే తెగిందనో, ముల్లు గుచ్చుకుందనో అంటారు. లారీ కింద పడ్డామని ఎవరూ చెప్పరు.

ప్రపంచంలో ఎక్కడో ఒకచోట ప్రతి 30 సెకన్లకు ఒక కాలు షుగరు వల్ల పోతోందని 2005లో లాన్సెట్ వైద్య పత్రిక రాసింది. బడి లెక్కలో చెప్పాలంటే ఒక నలభై నిమిషాల పీరియడు అయ్యేసరికి ఎనభై కాళ్ళు. అలా తీసేసిన కాళ్ళలో 85 శాతం దాకా మొదట పుండుతోనే మొదలయ్యాయన్నది కూడా వైద్యులు తేల్చిన మాటే. ఈ రెండో మాట భయపెట్టేది కాదు, ధైర్యం చెప్పేది. పుండును ఆపగలిగితే కాలు నిలుస్తుంది.

నెత్తుటిలో మిగిలిపోయిన చక్కెర

పదో తరగతి పిల్లలకు చెప్పే జీవశాస్త్రమే ఇది. మనం తిన్న అన్నం, రొట్టె, పండు గ్లూకోజుగా మారి రక్తంలో కలుస్తుంది. క్లోమం నుంచి వచ్చే ఇన్సులిన్ ఆ గ్లూకోజును కణాల్లోకి పంపించే తాళంచెవి. తాళంచెవి లేకపోయినా, తాళం తుప్పు పట్టినా గ్లూకోజు బయటే, అంటే రక్తంలోనే ఉండిపోతుంది. ఇక్కడి దాకా అందరికీ తెలుసు. అలా మిగిలిన చక్కెర ఊరికే తిరుగుతూ కూర్చోదు అన్న సంగతే చాలామందికి తెలియదు. పాకం కాచిన గిన్నెను కడగకుండా వదిలేస్తే పాకం ఎలా అంటుకుపోతుందో, అలాగే ఆ చక్కెర ఒంట్లోని మాంసకృత్తులకు అంటుకుంటుంది. రక్తనాళాల లోపలి పొర గట్టిపడుతుంది. సన్నని నాళాలు మూసుకుపోవడమో, కారడమో జరుగుతుంది.

మూడు నెలలకోసారి చేయించమని డాక్టర్లు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష కొలిచేది ఈ అంటుకోవడాన్నే. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. అన్నాళ్ళూ దానిలోని హిమోగ్లోబిన్‌కు ఎంత చక్కెర అంటుకుందో ఈ పరీక్ష చెబుతుంది. కాబట్టి పరీక్షకు ముందు రెండు రోజులు కడుపు మాడ్చుకుని మంచి మార్కులు తెచ్చుకోవడం ఇందులో కుదరదు. ఇది యూనిట్ టెస్టు కాదు, మూడు నెలల హాజరుపట్టీ. ఎక్కువమందికి 7 శాతం దగ్గర ఉండాలంటారు. వయసు మీరినవాళ్ళకు, తరచూ షుగరు పడిపోయేవాళ్ళకు డాక్టరు ఆ గీతను కొంచెం సడలిస్తారు.

దెబ్బ తినే చోట్లలో కన్ను, మూత్రపిండం, నరం మూడూ సన్ననాళాల మీద బతికేవే. కంటి వెనుక తెర పాడవుతుంటే నొప్పి ఉండదు, చూపు తగ్గే నాటికి ఆలస్యమైపోయి ఉంటుంది. అందుకే చూపు బాగానే ఉన్నా ఏడాదికోసారి కంట్లో మందు వేయించుకుని చూపించుకోవాలి. మూత్రపిండాల సంగతీ అంతే. రక్తంలో క్రియాటినిన్ పెరగడం ఆలస్యంగా కనిపిస్తుంది, మూత్రంలో ఆల్బుమిన్ పోవడం ముందుగా తెలుస్తుంది. ఆ మూత్ర పరీక్ష ఖర్చు పెద్దదేమీ కాదు. ఒళ్ళు నొప్పులని మందుల షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రలు ఈ మూత్రపిండాలకు శత్రువులు. ఇక పెద్ద నాళాలు, అంటే గుండెవి, మెదడువి, కాళ్ళవి. షుగరు ఉన్నవాళ్ళకు ఛాతీ నొప్పి లేకుండానే గుండెపోటు రావచ్చు. ఆయాసం, చెమట, ఒక్కసారిగా నీరసం మాత్రమే ఉంటాయి. దాన్ని గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకున్నవాళ్ళు ఉన్నారు.

మంచి అదుపు వల్ల ఫలితం ఉంటుందా అన్న ప్రశ్నకు బ్రిటన్‌లో 1977లో మొదలుపెట్టిన యూకేపీడీఎస్ అనే పరిశోధన జవాబిచ్చింది. కొత్తగా షుగరు బయటపడిన 5,102 మందిని ఏళ్ళ తరబడి గమనించారు. 1998లో ఫలితాలు వచ్చాయి. గట్టి అదుపులో ఉన్నవాళ్ళకు కన్ను, మూత్రపిండం లాంటి సన్ననాళాల జబ్బులు 25 శాతం తగ్గాయి. ఇంకా ముఖ్యమైన సంగతి 2008లో తెలిసింది. పరిశోధన ముగిశాక రెండు గుంపుల షుగరూ ఒకటే అయిపోయింది, అయినా మొదట్లో జాగ్రత్త పడ్డవాళ్ళకు ఆ మేలు పదేళ్ళ తరువాత కూడా మిగిలే ఉంది. మూడో తరగతిలో ఎక్కాలు వచ్చిన పిల్లవాడికి పదో తరగతిలో లెక్కలు తేలికైనట్టు. మొదటి ఏళ్ళను వృథా చేసుకోకూడదు.

నొప్పి తెలియని కాలు

కాళ్ళు మండుతున్నాయి, చీమలు పాకినట్టుంది, దూది మీద నడిచినట్టుంది, చెప్పు జారిపోయినా తెలియడం లేదు. ఈ మాటలు ఇంట్లో పెద్దవాళ్ళు అంటుంటే విని వదిలేస్తాం. అవి నరం దెబ్బతింటోందన్న కబురు. కొన్నాళ్ళకు మంట తగ్గుతుంది, హమ్మయ్య అనుకుంటాం. చాలాసార్లు మంట తగ్గింది నరం బాగుపడి కాదు, పూర్తిగా మొద్దుబారిపోయి. ఆ రోజు నుంచి ఆ పాదానికి కాపలా లేదు.

నొప్పి లేకపోవడం ఎంత ప్రమాదమో లోకానికి చెప్పింది మన దక్షిణాదిలో పనిచేసిన ఒక సర్జను. పాల్ బ్రాండ్ 1914లో తమిళనాడులోని కొల్లి కొండల్లో పుట్టారు. 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చి కుష్ఠు రోగులకు వైద్యం చేశారు. కుష్ఠు వస్తే వేళ్ళు వాటంతటవే కుళ్ళి రాలిపోతాయని అప్పట్లో అందరూ నమ్మేవారు. ఆయన రోగుల చేతులను, కాళ్ళను రోజూ గమనించి అది నిజం కాదని తేల్చారు. మాంసంలో లోపం లేదు, నొప్పి తెలియడం లేదు, అంతే. వేడి గిన్నె పట్టుకుంటారు, మేకు దిగిన చెప్పుతో నడుస్తారు, పుండు పడిన కాలి మీదే బరువు వేస్తారు. కొందరికి రాత్రి పడుకున్నప్పుడు ఉన్న వేలు తెల్లారేసరికి పోయేది. కాపలా కాసి చూస్తే ఎలుకలు కొరుకుతున్నాయి, నిద్రలో వాళ్ళకు తెలియడం లేదు. దాంతో రోగులకు తలా ఒక పిల్లిని ఇచ్చి పంపారు. ఈ సంగతి పిల్లలకు చెబితే మొదట నవ్వుతారు, తరువాత తరగతి నిశ్శబ్దమైపోతుంది.

అదే బ్రాండ్ తరువాత అమెరికాలోని కార్విల్ కుష్ఠు ఆసుపత్రికి వెళ్ళి, మధుమేహ రోగుల పాదాల్లోనూ ఇదే కథ నడుస్తోందని చూపించారు. వేలూరులో నేర్చుకున్నదే అక్కడా చేశారు. పుండు ఉన్న కాలికి అచ్చుపోసినట్టు కట్టు వేసి, బరువంతా ఒకేచోట పడకుండా పంచారు. మెత్తటి రబ్బరు అట్ట వేసిన చెప్పులు ఇచ్చారు. ఇప్పుడు మన ఆసుపత్రుల్లో షుగరు రోగులకు రాసిచ్చే ఎంసీఆర్ చెప్పులు అంటే మైక్రో సెల్యులార్ రబ్బరు చెప్పులు. వాటి వెనుక కుష్ఠు వైద్యంలో నేర్చుకున్న పాఠం ఉంది. ఆ చెప్పులు వేసుకోవడానికి చాలామంది నామోషీ పడతారు, అందంగా ఉండవంటారు. అందం సంగతి తరువాత.

మన పాదానికి స్పర్శ ఉందో లేదో ఇంట్లోనే చూసుకునే తేలిక పద్ధతి ఒకటి ఉంది. ఇంగ్లండులోని ఇప్స్‌విచ్ ఊళ్ళో డాక్టర్లు రూపొందించారు. షుగరున్న మనిషి కళ్ళు మూసుకుని పడుకోవాలి. ఇంట్లో ఇంకొకరు చూపుడువేలి కొసతో రెండు పాదాల బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు చివరలను ఒక్కొక్కటిగా తాకాలి. ఒకటి రెండు సెకన్లు తాకితే చాలు. నొక్కకూడదు, గోకకూడదు, రెండోసారి తాకకూడదు. తెలిసినప్పుడు కుడి, ఎడమ అని చెప్పాలి. ఆరింటిలో రెండు గాని అంతకంటే ఎక్కువ గాని తెలియకపోతే ఆ పాదం ప్రమాదంలో ఉన్నట్టు. ఆసుపత్రిలో డాక్టరు నైలాన్ పోగుతో మరింత కచ్చితంగా చూస్తారు. ఇంటి పరీక్షకు డబ్బు అక్కర్లేదు, మనవడు చాలు. ఎనిమిదో తరగతి పిల్లలకు మేము ఇది నేర్పి ఇళ్ళకు పంపాం. మర్నాడు ముగ్గురు నలుగురు "మా నానమ్మకు తెలియలేదు మేడం" అంటూ వచ్చారు.

స్పర్శ నరాలతో పాటు మరో రెండు రకాల నరాలూ పాడవుతాయి. కండరాలను నడిపేవి పాడైతే వేళ్ళు గోళ్ళలా వంకరపోతాయి, నడిచేటప్పుడు బరువు కొత్త చోట పడుతుంది, అక్కడ ఆనెకాయ కాస్తుంది. ఆనెకాయను మనం గట్టి చర్మం అనుకుంటాం. మొద్దుబారిన పాదంలో అది చెప్పులో ఇరుక్కున్న రాయితో సమానం, దాని కిందే పుండు పుడుతుంది. దాన్ని బ్లేడుతో చెక్కుకోవద్దు, ఆనెకాయ పట్టీలు అంటించొద్దు. ఆ పట్టీల్లోని ఆమ్లం మంచి చర్మాన్ని కూడా తినేస్తుంది. చెమట నరాలు పాడైతే చర్మం ఎండి మడమలు పగులుతాయి, ఆ పగుళ్ళే సూక్ష్మజీవులకు దారి. రాత్రిపూట కొబ్బరినూనె గాని వాజలీన్ గాని రాసుకోవాలి, వేళ్ళ సందుల్లో మాత్రం రాయకూడదు.

ఎందుకు మానదు?

మామూలు గాయం మానడం ఒక క్రమంలో జరుగుతుంది. మొదట రక్తం గడ్డకట్టి రంధ్రం మూసుకుంటుంది. తరువాత తెల్లకణాలు వచ్చి మురికిని, సూక్ష్మజీవులను ఏరేస్తాయి. ఎర్రగా, వేడిగా కొంచెం వాపు ఉండేది ఈ దశలోనే. ఆ పైన కొత్త కండ పుడుతుంది, అంచుల నుంచి చర్మం పాకుతుంది, చివరికి మచ్చ గట్టిపడుతుంది. షుగరు ఎక్కువగా ఉన్నవాళ్ళలో ఈ బండి రెండో స్టేషనులోనే ఆగిపోతుంది. తెల్లకణాలు మందగిస్తాయి, సూక్ష్మజీవులు నిలుస్తాయి. దీనికి తోడు కాలి రక్తనాళాలు సన్నబడి ఉంటే కావలసిన ప్రాణవాయువు, పోషకాలు, మనం మింగిన యాంటీబయాటిక్ కూడా అక్కడిదాకా వెళ్ళవు. ఇవన్నీ ఉండగా, నొప్పి లేదు కాబట్టి ఆ మనిషి ఆ పుండు మీదే రోజుకు వేల అడుగులు వేస్తాడు. ఏ కణం మాత్రం ఎలా అతుక్కుంటుంది?

బీడీ, సిగరెట్టు గురించి ఒక్క మాట. షుగరూ పొగాకూ కలిసి కాలి నాళాలను మూసినంత వేగంగా ఇంకేవీ మూయవు. పాదం చల్లగా ఉండడం, నడిస్తే పిక్క పట్టేసి ఆగితే తగ్గడం, పాదం మీద వెంట్రుకలు రాలిపోవడం రక్తం అందడం లేదన్న గుర్తులు. ఆసుపత్రిలో చీలమండ దగ్గర, చేతికి రక్తపోటు కొలిచి పోల్చి చూస్తారు. నిష్పత్తి 0.9 కంటే తక్కువైతే నాళం సన్నబడినట్టు. షుగరు వాళ్ళలో నాళాలు సున్నం పట్టి గట్టిపడటం వల్ల ఈ అంకె ఒక్కోసారి తప్పుగా ఎక్కువ చూపిస్తుంది. అప్పుడు డాప్లర్ స్కాన్ అవసరమవుతుంది.

మా వీధిలో ఉండే ఒక ఆటో డ్రైవరు సంగతి చెప్పుకుందాం. వయసు యాభై లోపే, షుగరు పన్నెండేళ్ళది. పెళ్ళికని కొత్త బూట్లు కొన్నారు. చిటికెనవేలి పక్కన బొబ్బ లేచింది. ఇంజను వేడి తగిలే కాలది, ఆయనకు తెలియలేదు. ఇంట్లోవాళ్ళు పసుపు పెట్టారు, తరువాత ఎవరో చెబితే కాఫీ పొడి అద్దారు. పది రోజులకు వాసన వచ్చింది. దగ్గరలో ఇంజక్షన్లు ఇచ్చే ఆయన అయిదు రోజులు సూదులు పొడిచారు. కాలు కింద పెట్టొద్దని ఎవరూ చెప్పలేదు, చెప్పినా ఆటో ఆపితే కిస్తీ ఎవరు కడతారు? మూడు వారాలకు వేలు నల్లబడింది. పెద్దాసుపత్రిలో కాలి నాళానికి బెలూన్ వేసి రక్తం పారించి, ఆ వేలు ఒక్కటి తీసేసి పాదాన్ని కాపాడారు. నాలుగు నెలలు ఆటో కదలలేదు. పెద్దపిల్ల ఇంటర్ ఫీజు ఆగింది. బొబ్బ లేచిన రోజునే చూపించుకుని ఉంటే ఖర్చు రెండు మూడు వందలు అయ్యేది.

గాయం కనిపించిన రోజు

షుగరు ఉన్నవాళ్ళ పాదం మీద చిన్న గాయం అన్నది లేదు. కనిపించగానే ముందు చేయాల్సింది ఆ కాలి మీద బరువు తీసేయడం. తరువాత మరిగించి చల్లార్చిన నీళ్ళతో గాని, సెలైన్‌తో గాని మెల్లగా కడిగి, శుభ్రమైన గాజుగుడ్డ కప్పి, ఆ రోజే గాని మర్నాడు గాని డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. పసుపు, సున్నం, బూడిద, కాఫీ పొడి, జిల్లేడు పాలు వద్దు. టించర్, హైడ్రోజన్ పెరాక్సైడ్, నీళ్ళు కలపని డెట్టాల్ కూడా వద్దు, అవి సూక్ష్మజీవులతో పాటు కొత్తగా పుట్టే కణాలనూ చంపుతాయి. వేడినీళ్ళలో, ఉప్పునీళ్ళలో కాలు నానబెట్టొద్దు. తేనె సంగతి చాలామంది అడుగుతారు. కొన్ని ఆసుపత్రుల్లో పుండ్లకు తేనె వాడే మాట నిజమే, కాని అది శుద్ధి చేసి సూక్ష్మజీవులు లేకుండా తయారుచేసిన వైద్యపు తేనె. వంటింటి సీసాలోది కాదు.

ఎరుపు పుండు చుట్టూ పాకుతుంటే, చీముగాని వాసనగాని వస్తే, వేలు నీలంగా నల్లగా మారితే, జ్వరం, చలి ఉంటే, ఉన్నట్టుండి షుగరు బాగా పెరిగిపోతే ఇక మర్నాటి దాకా ఆగకూడదు. పాదం మీద పుండేమీ లేకుండానే ఒక పాదం ఎర్రగా, వేడిగా వాచి, నొప్పి పెద్దగా లేకపోయినా వెంటనే వెళ్ళాలి. అది లోపల ఎముకలు విరిగి కూలుతున్న చార్‌కాట్ పాదం కావచ్చు. బెణికిందనుకుని నడిస్తే పాదం ఆకారమే మారిపోతుంది.

ఆసుపత్రిలో ఏం చేస్తారో ముందే తెలిస్తే భయం సగం పోతుంది. మొదట చచ్చిన కండను కోసి తీసేస్తారు. "చిన్న పుండుతో వెళితే కోసి పెద్దది చేశారు" అని మనవాళ్ళు ఫిర్యాదు చేసేది దీని గురించే. పుచ్చిన భాగం తీయకుండా పంటికి సిమెంటు పెట్టరు కదా, ఇదీ అంతే. ఎముక తగులుతుందేమో సన్నని కడ్డీతో చూస్తారు, ఎక్స్‌రే తీస్తారు. ఎముకకు చీము పడితే యాంటీబయాటిక్ వారాల తరబడి వాడాలి, మధ్యలో ఆపితే మొదటికి వస్తుంది. రక్తప్రసారం తక్కువగా ఉంటే బెలూన్ గాని బైపాస్ గాని చేస్తారు. కాలు తీసేయాలని చెప్పినప్పుడు, రక్తనాళాల పరీక్ష జరిగిందా అని అడగడం మన హక్కు. జరగకపోతే రక్తనాళాల సర్జను ఉన్న చోట మరో అభిప్రాయం తీసుకోవాలి. అదే సమయంలో, ఒక వేలు తీసేస్తే పాదం నిలుస్తుందని డాక్టరు చెబితే ఆ వేలి కోసం పట్టుబట్టి కాలు పోగొట్టుకోవద్దు. మన రాష్ట్రాల్లో ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద ఏ చికిత్స వస్తుందో ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను అడిగితే చెబుతారు. అప్పు చేసేముందు అడగాలి.

డ్రెస్సింగులు ఎన్నో రకాలు వచ్చాయి, వేలరూపాయలవీ ఉన్నాయి. ఏ డ్రెస్సింగైనా చేసేది పుండు పూర్తిగా ఎండకుండా, మరీ తడవకుండా చూడడమే. "గాలి తగిలితే ఆరుతుంది" అని తెరిచి ఉంచడం పాత అలవాటు, అది మానడాన్ని ఆలస్యం చేస్తుంది. పుండు అరికాల్లో ఉంటే ఎంత ఖరీదైన డ్రెస్సింగు కట్టినా దానిమీద నడిస్తే దండగే. అచ్చు కట్టో, ప్రత్యేక బూటో వేసి బరువు తప్పించడమే అసలు మందు. ఇంట్లో మిగిలిన అందరూ కలిసి ఆ మనిషిని కూర్చోబెట్టాలి. ఇల్లాలికైతే ఇది మరీ కష్టం. పుండు ఉన్న కాలితోనే పొయ్యి ముందు నిలబడే తల్లులు ఎంతమందో! నాలుగు వారాల్లో పుండు వైశాల్యం సగానికి తగ్గకపోతే ఆ వైద్యం దారి సరిగా లేదని, మళ్ళీ మొదటి నుంచి వెతకాలని వైద్యుల లెక్క. కాబట్టి వారానికోసారి పక్కన స్కేలు పెట్టి ఫోనుతో ఫొటో తీసుకోండి. జ్ఞాపకం మీద ఆధారపడితే ప్రతి వారం "కొంచెం తగ్గినట్టే ఉంది" అనిపిస్తుంది.

ఈ కాలంలో ఇన్సులిన్ వేయాలంటే వద్దనే వాళ్ళున్నారు, ఒకసారి మొదలుపెడితే బతుకంతా తప్పదని. పుండు మానే దాకా వేసి తరువాత మాత్రలకు మార్చడం మామూలే. 1922 జనవరిలో టొరంటోలో పధ్నాలుగేళ్ళ బాలుడికి మొదటిసారి ఇచ్చిన మందు ఇది. దాన్ని కనుగొన్న బాంటింగ్ పుట్టినరోజు నవంబరు 14నే ప్రపంచ మధుమేహ దినంగా జరుపుతున్నారు. మన బడుల్లో ఆ రోజు బాలల దినోత్సవం సందడిలో ఈ సంగతి ఎవరికీ గుర్తుండదు. ఇన్సులిన్‌తో పాటు తిండీ కావాలి. పుండు ఉంది కదా అని గుడ్డు, మాంసం, పప్పు మాన్పించే పథ్యం తప్పు. కొత్త కండ కట్టేది ఆ మాంసకృత్తులతోనే. మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్ళు మాత్రం ఎంత తినాలో డాక్టరును అడగాలి.

వుజూ, రోజా, హజ్

రోజుకు అయిదుసార్లు పాదాలు కడుక్కునే అలవాటు ఉన్నవాళ్ళకు పాదాలను చూసుకునే అవకాశం కూడా అయిదుసార్లు దొరికినట్టే. కడగడం ఒక్కటే చేసి చూడకుండా లేస్తున్నాం. ఒక్క పూటైనా, వెలుతురు ఉన్న జుహర్‌కు, అరికాలి కింద అద్దం పెట్టి చూసుకోవాలి. చూపు ఆననివాళ్ళకు పిల్లలు చూసిపెట్టాలి. వేళ్ళ సందుల్లో వేలు పోనిచ్చి కడగడం ఎలాగూ ఉంది, ఆ తరువాత పొడి గుడ్డతో ఆ సందులు తుడవడం మనం చేర్చుకోవాలి. తడి నిలిస్తే సందులు పాసి పగులుతాయి. చలికాలంలో వుజూకు వేడినీళ్ళు పెట్టుకునేవాళ్ళు వేడిని పాదంతో కాదు, మోచేత్తో చూడాలి. కాలికి కట్టు ఉన్నప్పుడు దాన్ని విప్పి తడపనక్కర్లేదు, కట్టు మీద తడిచేత్తో మసహ్ చేసే వెసులుబాటు ఉంది. వివరం మీ ఆలింను అడగండి, కట్టు తడిపి డాక్టరు దగ్గరికి వెళ్ళకండి. ఎండాకాలం జుమాకు మసీదు ఆవరణలోని బండలు కాలిపోతుంటాయి. మొద్దుబారిన కాలికి అది తెలియదు. మసీదు కమిటీలు గుమ్మం నుంచి లోపలి దాకా ఒక చాప పరిస్తే ఎందరి పాదాలో నిలుస్తాయి.

రంజాన్ విషయంలో 13 దేశాల్లో 12 వేల పైచిలుకు మధుమేహ రోగులను గమనించిన ఎపిడయార్ అధ్యయనంలో, టైప్ 2 వాళ్ళలో షుగరు తీవ్రంగా పడిపోవడం ఆ నెలలో 7.5 రెట్లు పెరిగిందని తేలింది. రోజా ఉండాలనుకునేవాళ్ళు నెల రెండు నెలల ముందే డాక్టరును కలిసి మందుల వేళలు, మోతాదులు మార్చుకోవాలి. షుగరు 70 కంటే దిగినా, 300 దాటినా రోజా విడవాలని మార్గదర్శకాలు చెబుతున్నాయి. వేలు పొడిచి షుగరు చూసుకుంటే రోజా పోదని ఆలింలు చెప్పే ఉన్నారు. చీము పట్టిన పుండుతో ఉన్నవాళ్ళకు నీళ్ళు, తిండి, మందు వేళకు పడాలి. జబ్బుపడ్డవాళ్ళకు మినహాయింపు ఉన్నదే ఇలాంటి వేళ కోసం. ఇంట్లో పెద్దాయన మొండిపట్టు పడితే కోడలు చెప్పలేదు, ఇమాం సాహెబ్ చెబితే వింటారు.

హజ్‌కు వెళ్ళేవాళ్ళు పాదాల పరీక్ష చేయించుకోకుండా బయలుదేరకూడదు. మైళ్ళకొద్దీ నడక, ఎండకు కాలిన నేల, జనంలో చెప్పులు పోవడం అన్నీ అక్కడ ఉంటాయి. ఇహ్రాంలో మగవాళ్ళు బూట్లు వేయరు కాబట్టి మెత్తటి అట్ట ఉన్న చెప్పులు రెండు జతలు, ఇక్కడ నెలరోజులు తొడిగి అలవాటు చేసుకున్నవి, తీసుకెళ్ళాలి. ఒక జత ఎప్పుడూ చేతి సంచిలో ఉండాలి.

మానిన తరువాత

పుండు మూసుకున్నాక ఇంట్లో మిఠాయి పంచుతారు, చెప్పులు పాతవే వేస్తారు. మానిన పుండ్లలో సుమారు 40 శాతం ఏడాదిలోపే తిరగబెడతాయి. అందుకే నిపుణులు దీన్ని నయమైంది అనరు, కొంతకాలం ఊరుకుంది అంటారు. ఎంసీఆర్ చెప్పులు ఇంట్లో కూడా తొడుక్కోవాలి, ఎందుకంటే మనం ఎక్కువ అడుగులు వేసేది ఇంట్లోనే. చెప్పుల్లో కాలు పెట్టేముందు చెయ్యి పెట్టి తడమాలి. రాయి, చిల్లర నాణెం, పిల్లల పెన్సిలు ముక్క, ఏదైనా ఉండవచ్చు. కొత్త చెప్పులు సాయంత్రం కొనాలి, అప్పటికి పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. మొదటి వారం రోజుకు ఒకటి రెండు గంటలకు మించి తొడగకూడదు. గోళ్ళు నేరుగా కత్తిరించాలి, మూలలు లోపలికి తవ్వకూడదు. ఒక కాలికి పుండు పడి మానిందంటే రెండో కాలు అంతవరకు దాని బరువు కూడా మోసి ఉంటుంది. డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు రెండు కాళ్ళ మేజోళ్ళూ విప్పి చూపించండి, ఆయన అడగకపోయినా.